గండుచీమలకు ఇంట్లో చేసుకునే తేమ గూడు: మూడు పదార్థాల రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. పెంపుడు చీమల కోసం ఇంట్లోనే తయారుచేసుకోగలిగే తేమ గూళ్లను మూడు రకాల పదార్థాలతో చేసి, మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ప్రాంతపు ఎండకూ వానకూ ఏది తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో ఈ వీడియోలో వివరిస్తాను. బల్ల మీద మీకు ఎడమ పక్కన కనిపిస్తున్నది ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పోత పోసిన గూడు, మధ్యలో ఉన్నది ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) అనే తేలికపాటి ఇటుకను తొలిచి చేసినది, కుడి పక్కన ఉన్నది కుమ్మరి ఆవంలో కాల్చిన మట్టి గూడు. మూడింటిలోనూ ఉంటున్నవి మన పెరళ్లలో, తోటల్లో తిరిగే పెద్ద నల్ల గండుచీమలే. వీటి శాస్త్రీయ నామం కాంపొనోటస్ కంప్రెసస్.

ముందుగా తేమ గురించి చెప్పాలి. తేమ గూడు అనగానే గూడంతా తడిపి ఉంచాలని అనుకునేవారు చాలామంది ఉన్నారు. అలా తడిపితే చీమలకు పారిపోవడానికి చోటు ఉండదు. నేలలో చీమల పుట్ట లోతుకు దిగుతుంది కాబట్టి పైగదులు పొడిగానూ, కిందిగదులు చెమ్మగానూ ఉంటాయి. కూలిచీమలు ఎండ ముదిరినప్పుడు పిల్లలను కిందికీ, వాన పడినప్పుడు పైకీ మోసుకుపోతాయి. గుడ్లు, వాటి నుంచి వచ్చే పురుగుల్లాంటి చిన్న లార్వాలు పొడి గాలిలో త్వరగా ఎండిపోతాయి కాబట్టి వాటికి చెమ్మ కావాలి. లార్వాలు తొడుగు అల్లుకుని చీమలుగా మారే దశలోని ప్యూపాలకు మాత్రం పొడి, వెచ్చదనం మేలు. అవి తడిలో నానితే బూజు పడుతుంది. మనం చేసే గూడు అద్దం కింద పరిచిన పలక వంటిది కాబట్టి, నేలలో నిలువునా ఉండే ఆ తేడాను ఇక్కడ అడ్డంగా ఏర్పాటు చేయాలి: ఒక కొస తడిగా, రెండో కొస పూర్తిగా పొడిగా, ఆ రెంటి నడుమ తేమ క్రమంగా తగ్గుతూ ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటు సరిగా కుదిరితే మిగిలిన లోపాలను చాలావరకు చీమలే సర్దుకుంటాయి.

ఈ పద్ధతికి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. ఫ్రాన్సుకు చెందిన షార్ల్ జానే అనే శాస్త్రజ్ఞుడు 1890ల్లో ప్లాస్టర్ దిమ్మెలో వరుసగా గదులు ఏర్పరచి, చివరి గదిలో నీళ్లు పోసి, ఆ నీరు దిమ్మె గుండా పాకుతూ ఒక్కో గదికి ఒక్కో స్థాయి తేమను ఇచ్చేలా గూడు తయారుచేశాడు. ఈనాడు మనం చేసేవన్నీ దాదాపు ఆ నమూనా మీద నిలబడినవే. అందువల్ల ఈ మూడు గూళ్లను పోల్చడానికి నేను తేమను కొలిచే పరికరాన్ని ప్రమాణంగా తీసుకోలేదు. అంత చిన్న గదిలో ఆ పరికరం పట్టదు, గూడు మీద పెడితే అది మన ఇంటి గదిలోని గాలి సంగతి మాత్రమే చెబుతుంది. గుడ్లను, లార్వాలను, ప్యూపాలను చీమలు ఏ గదుల్లో వేరువేరుగా పేర్చుకున్నాయన్నదే నా కొలబద్ద. అవి వేరుచేసి పేర్చుకుంటున్నాయంటే ఎంచుకోవడానికి వాటికి చోటు దొరికిందని అర్థం. అన్నింటినీ కుప్పగా ఒకే మూలకు చేర్చాయంటే ఆ ఒక్క మూల తప్ప మిగిలిన గూడు వాటికి పనికిరావడం లేదని అర్థం.

ఇక ప్లాస్టర్ గూడు సంగతి చూద్దాం. దీన్ని పీఓపీ అంటే హార్డ్‌వేర్ దుకాణంలో వెంటనే ఇస్తారు. ప్లాస్టిక్ పెట్టె అడుగున పిల్లలు ఆడుకునే రంగు క్లేతో గదుల, దారుల ఆకారాలు అతికించి, రెండు పాళ్ల పొడిని ఒక పాలు నీటిలో నెమ్మదిగా చల్లి కలిపి, బుడగలు పోయేలా తట్టి, పెట్టెలో పోయాలి. గట్టిపడేటప్పుడు ఇది బాగా వేడెక్కుతుంది కాబట్టి పిల్లలను ఈ ముద్దలో చేయి పెట్టనివ్వకండి. కాలే ప్రమాదం నిజంగా ఉంది. మిగిలిన ముద్దను మోరీలో పారబోయవద్దు, గొట్టంలోనే రాయిలా బిగుసుకుపోతుంది. పని సులువు, ఖర్చు తక్కువ, తెల్లని గదుల్లో నల్లని చీమలు స్పష్టంగా కనిపిస్తాయి. అయితే గట్టిపడిన ప్లాస్టర్ అంటే జిప్సమ్, అది లీటరు నీటికి సుమారు 2 గ్రాముల చొప్పున కరుగుతుంది. వినడానికి ఇది తక్కువగానే ఉంటుంది కానీ నెలల తరబడి నీరు పోసే కొస మెత్తబడటానికి అంత కరుగు చాలు. మెత్తబడిన చోట గండుచీమలు దవడలతో తొలిచి కొత్త దారులు తీస్తాయి. పైగా జూలై, ఆగస్టు నెలల్లో మహేంద్రతనయ నది ఒడ్డున ఉండే ఊళ్లలో గాలే తడిగా ఉంటుంది కాబట్టి పొడి కొస కూడా ఆరదు. చీమల రాణి ఎంతకాలం బతకగలదో కూడా ఆలోచించండి: ఇంగ్లండులో జాన్ లబ్బాక్ అనే శాస్త్రజ్ఞుడు గాజు పలకల గూడులో ఉంచిన ఒక రాణి 1874 నుంచి 1888 వరకు జీవించింది. అన్నేళ్ల కాపురానికి ప్లాస్టర్ చాలదు. మొదటి ఏడాది చిన్న కుటుంబానికి పీఓపీ పరవాలేదు. అంతకు మించి నేను దీన్ని సిఫారసు చేయను.

మధ్యలో ఉన్న ఏఏసీ ఇటుక నాకు అన్నింటికన్నా నచ్చినది. కొత్తగా కట్టే ఇళ్ల దగ్గర తెల్లగా, చేతితో ఎత్తితే తేలికగా ఉండే పెద్ద ఇటుకలు మీరు చూసే ఉంటారు. సున్నం, సిమెంటు, బూడిద కలిపిన ముద్దలో కొద్దిగా అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ బుడగలు పుట్టి ముద్ద పొంగుతుంది. దాన్ని ఎక్కువ ఒత్తిడి గల ఆవిరిలో ఉడికించి గట్టిపరుస్తారు. ఈ విధానాన్ని 1920లలో స్వీడన్‌లో కనిపెట్టారు. ఆ బుడగల నడుమ ఉన్న సన్నని రంధ్రాల గుండా నీరు పాకుతుంది కానీ పరుగెత్తదు. ఒక కొసన పోసిన నీరు రెండో కొసకు చేరేలోగా చాలావరకు ఆవిరైపోతుంది. మనకు కావలసిన తేడా ఈ నెమ్మదితనం వల్లనే వస్తుంది. మేస్త్రీని అడిగితే విరిగిన ముక్క ఉచితంగానే ఇస్తాడు.

సుమారు 25 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం గల ముక్కను హ్యాక్సా రంపంతో కోసుకోండి. గదులను పెన్సిల్‌తో గీసి, పాత స్క్రూడ్రైవర్‌తో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతు తొలవండి. రాణి, పెద్ద తలల కూలిచీమలు ఇబ్బంది లేకుండా మళ్లడానికి దారులు కనీసం ఒక సెంటీమీటరు వెడల్పు ఉండాలి. దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి ముక్కను తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట ఈ పని చేయండి. తొలవడం పూర్తయ్యాక ముక్కను బకెట్టు నీటిలో నానబెట్టి, నీరు మార్చుతూ కొన్ని రోజులు ఉంచితే అందులోని సున్నపు క్షారం చాలావరకు దిగిపోతుంది. ఒక కొసన, చివరి గదికి రెండు వేళ్ల దూరంలో, చీమలకు దారి లేని గుంట ఒకటి తొలవండి. నీళ్లు పోయడానికి అదే చోటు. ఆ రెండు వేళ్ల దూరాన్ని తగ్గించవద్దు, తగ్గిస్తే ఆ గదిలో నీరు ఊరుతుంది. ఈ గూడులో గుడ్లు తడి వైపు రెండో గదిలో, ప్యూపాలు పొడి కొసన ఉండటం మీరు కెమెరాలో చూస్తున్నారు. వేసవిలో రెండు మూడు రోజులకొకసారి, వానాకాలంలో పది రోజులకొకసారి నీరు పోస్తే ఈ అమరిక చెదరదు.

కుడి పక్కన ఉన్న మట్టి గూడు మన ప్రాంతానికి ప్రత్యేకమైనదని చెప్పవచ్చు, ఎందుకంటే కుమ్మరి పని ఇంకా సాగుతున్న ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. పలకను చేత్తో పట్టుకుంటే వంగకుండా, గోరుతో గీస్తే గాటు పడేలా సగం ఆరిన దశలో గదులు తొలిచి, తర్వాత నీడన పూర్తిగా ఆరబెట్టి, కుండలతో పాటు ఆవంలో కాల్పించుకోవాలి. కొలతల విషయంలో కుమ్మరి పెద్దాయన ఇచ్చిన సలహా ఇక్కడ చెప్పాలి: ‘‘ఆరినప్పుడొకసారి, కాలినప్పుడొకసారి మట్టి తగ్గిపోద్ది బాబూ. అద్దం ముందు కోయించకండి, పలక వచ్చాక కొలుచుకోండి.’’ ఆ మాట పాటిస్తే అద్దం వృథా కాదు.

కాల్చిన మట్టి నీటిని వేగంగా పీల్చి, అన్ని వైపుల నుంచీ ఆవిరి చేస్తుంది. అలా ఆవిరయ్యే నీరు వేడిని లాగేస్తుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈ గూడు గది గాలికన్నా చల్లగా ఉంటుంది. కుండలో నీళ్లు చల్లబడేది ఈ కారణంతోనే. రాయగడ, గుణుపురం వైపు మధ్యాహ్నాలు ఎంత మండుతాయో తెలిసినవారికి ఈ గుణం విలువ తెలుస్తుంది. కానీ ఆ వేగమే దీని లోపం కూడా: పొట్టి పలక అయితే గంటల్లోనే మొత్తం తడిసిపోతుంది. అందుకే పలకను కనీసం 30 సెంటీమీటర్ల పొడవున చేయించుకుని, ఒక కొసను మాత్రమే పళ్లెంలోని నీటికి తగిలేలా కొద్దిగా వాల్చి ఉంచాలి. వానలు మొదలవగానే పళ్లెం తీసేయాలి. అప్పుడు దీనికి నీరే అవసరం ఉండదు. వేసవికి ఇది మూడింటిలోనూ ఉత్తమం, వానాకాలంలో నిరంతరం కనిపెట్టి ఉండాల్సిన గూడు.

మూడింటికీ పైన 4 మిల్లీమీటర్ల అద్దం సరిపోతుంది. అంచులు నూరించి తెచ్చుకోండి. చీమలకు ఎరుపు కాంతి సరిగా కనిపించదు కాబట్టి అద్దం మీద ఎర్రని జిలెటిన్ కాగితం పరిస్తే అవి చీకటిలో ఉన్నట్టే నిశ్చింతగా ఉంటాయి, మనకు మాత్రం కనిపిస్తాయి. గూడుకు అనుబంధంగా మేత పెట్టే పెట్టె వేరుగా ఉండాలి. దాని అంచుకు టాల్కం పౌడరును స్పిరిట్‌లో కలిపి పూస్తే చీమలు జారిపోతాయని చెబుతారు, అది నిజమే. అయితే మన వానాకాలపు తేమకు ఆ పూత ముద్దకట్టి రాలిపోతుంది. కాబట్టి సన్నని స్టీలు జల్లెడ బిగించిన మూత తప్పనిసరి. బయటి చీమల బెడద అంతకన్నా పెద్దది. ఇంట్లో తిరిగే చిన్న చీమలు దారి దొరికితే గుంపుగా చొరబడి గుడ్లనూ లార్వాలనూ ఎత్తుకుపోతాయి. పండగ పిండివంటల డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే గూడు మొత్తాన్నీ నీళ్ల పళ్లెంలో ఎత్తు మీద పెట్టి, ఆ నీటిలో ఒక చుక్క సబ్బు కలపండి.

గూడులో పోసే నీటి విషయంలో బోరు నీళ్లు వాడవద్దని నా అభ్యర్థన. మన వైపు చాలా బోర్ల నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. అవి ఇటుక రంధ్రాలలో పేరుకుని తెల్లని పొరగా పైకి తేలి, క్రమంగా నీటి దారిని మూసేస్తాయి. కాచి చల్లార్చి వడగట్టిన వాన నీరు గానీ, ఆర్వో నీరు గానీ మేలు. అద్దం లోపలి వైపు నీటి బిందువులు కనిపిస్తే నీరు ఎక్కువైందని గ్రహించి, నీరు ఆపి, మూత జల్లెడ వైపు గాలి తగలనివ్వండి. చిన్న కూలిచీమలు ఆ బిందువులకు అంటుకుని చనిపోగలవు. బూజు తరచుగా గోడల మీద కాకుండా చీమలు వదిలేసిన మేత మీద మొదలవుతుంది. కాబట్టి పురుగుల ముక్కలు, గుడ్డు సొన వంటివి మేత పెట్టెలోనే ఉంచి, మరునాటికి తీసేయండి. కుళ్లిన ఆకుల కింద దొరికే స్ప్రింగ్‌టెయిల్స్ అనే అతి చిన్న తెల్లని జీవులను కొన్ని వదిలితే అవి బూజును తిని బతుకుతాయి, చీమల జోలికి పోవు.

రాణిచీమను ఎక్కడ తెచ్చుకోవాలని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: మన నేల మీదిదే తెచ్చుకోండి. తొలకరి వానల తర్వాత సాయంత్రం దీపాల చుట్టూ రెక్కల చీమలు కనిపిస్తాయి. ఉసిళ్లను చూసి చీమలనుకోకండి; ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు ఉంటాయి, నడుము మందంగా ఉంటుంది, మీసాలు నిటారుగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. రెక్కలు రాల్చుకుని నేల మీద ఒంటరిగా నడుస్తున్న పెద్ద చీమ రాణి అయ్యే అవకాశం ఎక్కువ. ఆకులను కుట్టి చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రచీమలకు మాత్రం ఈ మూడు గూళ్లలో ఏదీ సరిపోదు. ఆన్‌లైన్‌లో విదేశీ రాణులను కొనడం చీమలకూ, మన నేలకూ హాని. 2025 మే నెలలో కెన్యాలో ఒక కోర్టు దాదాపు 5,000 రాణిచీమలను గొట్టాలలో దాచి తరలించబోయిన కేసులో నిందితులకు ఒక్కొక్కరికి 10 లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా విధించింది. ఇలాంటి వ్యాపారానికి మనం గిరాకీ కల్పించకూడదు.

రాణిని మొదట నీరు, దూది పెట్టిన గాజు గొట్టంలోనే ఉంచండి. అది తన రెక్కల కండరాలను కరిగించుకుని తొలి పిల్లలను పోషిస్తుంది. ఆ కాలంలో మేత అవసరం లేదు, కదిలించకూడదు. కూలిచీమలు పాతిక, ముప్ఫై దాకా పెరిగాకే గూడులోకి మార్చాలి, ఎందుకంటే కుటుంబం చిన్నదై గదులు ఎక్కువైతే దూరపు గదులను అవి చెత్త వేసే చోటుగా మార్చుకుంటాయి. మార్చే ముందు గూడుకు ఒక రోజు ముందుగానే నీరు పోసి తేమ స్థిరపడనివ్వండి. కడిగి, పెనం మీద వేయించి చల్లార్చిన సన్నని ఇసుకను గదుల్లో చిటికెడు చల్లండి. లార్వాలు తొడుగు అల్లుకునేటప్పుడు దారానికి ఆ రేణువులే ఆధారం. తర్వాత గొట్టాన్ని గూడు ద్వారానికి కలిపి, గూడును గుడ్డతో కప్పి, గొట్టం మీద వెలుతురు పడేలా ఉంచండి. కొన్ని కుటుంబాలు ఆ రాత్రే మారతాయి, కొన్ని వారం తీసుకుంటాయి. గొట్టాన్ని తట్టవద్దు, ఊదవద్దు. వారం దాటినా కదలకపోతే గొట్టంలోని నీరు ఇంకా నిండుగా ఉందేమో చూడండి; అది ఎండేదాకా వాటికి మారాల్సిన అవసరం కనిపించదు, కాబట్టి అంతవరకు గూడు తడి కొసన మాత్రం నీరు తగ్గకుండా చూసుకుంటే చాలు.