టికెట్ ఇస్తారు, పంటు రాదు: థ్రెడ్లు లేని చోట టెస్టులు

(తెర మీద: భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు. ఇంకా తెల్లవారలేదు. ఏరేటర్ల చప్పుడు.)

అందరికీ నమస్తే. తెల్లారే ముందు చెరువు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మా బాబాయికి ఆ టైమ్‌లోనే టెన్షన్. ఆయన కోసం డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు చూపించే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశాను. కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టులు కూడా రాశాను. ల్యాప్‌టాప్‌లో అవన్నీ పాస్. బాబాయి ఫోన్‌లో చూసుకోవాలని అదే కోడ్ పయొడైడ్ మీద, అంటే బ్రౌజర్‌లో నడిచే పైథాన్ మీద పెడితే ఆరు టెస్టులు ఫెయిల్.

(తెర మీద: ఎర్ర అక్షరాల్లో "రన్‌టైమ్ ఎర్రర్: కాంట్ స్టార్ట్ న్యూ థ్రెడ్")

థ్రెడ్ అంటే ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే సాగే ఇంకో పని. బ్రౌజర్ పైథాన్‌లో కొత్త థ్రెడ్ మొదలుపెట్టడం కుదరదు. సరే, థ్రెడ్ల మాడ్యూల్ "థ్రెడింగ్" ఇంపోర్ట్ అవ్వకపోతే టెస్ట్ వదిలేద్దామని ట్రై, ఎక్సెప్ట్ పెట్టాను. ఇంపోర్ట్ హాయిగా అయిపోయింది! పైథాన్ 3.7 నుంచి ఆ మాడ్యూల్ ఎప్పుడూ ఉంటుంది. స్టార్ట్ అన్నప్పుడే తంతుంది. సఖినేటిపల్లి రేవులో టికెట్ చింపి చేతిలో పెట్టి, గోదావరి దాటించే పంటు మాత్రం లేదన్నట్టు.

కాబట్టి మాడ్యూల్ ఉందా అని కాదు, థ్రెడ్ లేస్తుందా అని అడగాలి. ఏ పనీ చెయ్యని ఒక థ్రెడ్‌ని స్టార్ట్ చేసి చూడండి. రన్‌టైమ్ ఎర్రర్ వస్తే లేదని అర్థం. ఆ జవాబుని టెస్టులు నడిపే పైటెస్ట్‌లో, షరతు మీద టెస్ట్‌ని వదిలేసే స్కిప్‌ఇఫ్‌కి ఇచ్చి, కారణం కూడా రాయండి. సీపైథాన్ (అంటే అసలు పైథాన్) సొంత టెస్టుల్లోనూ ఇలాంటి పనికి "రిక్వైర్స్ వర్కింగ్ థ్రెడింగ్" అనే డెకరేటర్, అంటే టెస్ట్ పైన తగిలించే గుర్తు, ఉంది. అది వాళ్ల లోపలి వాడకానికే, మన ప్రాజెక్టులోకి తెచ్చుకోవద్దు.

(తెర మీద: ఆరు టెస్టుల పేర్లు. నాలుగు పసుపు, రెండు ఇంకా ఎరుపు.)

ఆరింటికీ స్కిప్ కొట్టేద్దామని చెయ్యి లాగింది, అబద్ధం ఎందుకు. చదివి చూస్తే నాలుగే నిజంగా థ్రెడ్ల గురించినవి: రెండు థ్రెడ్లు ఒకేసారి రాస్తే, ఒకదాన్ని ఆపి ఉంచే లాక్ పనిచేస్తుందా లాంటివి. మిగతా రెండూ మూడు చెరువుల ఫైళ్లు చదివే టెస్టులు. ఆ చదివే పనికి థ్రెడ్ పూల్ (పని పంచుకునే థ్రెడ్ల గుంపు) పెట్టింది నేనే, సరదాకి. వాటిని స్కిప్ చేసి ఉంటే టెస్టులు పచ్చగానే ఉండేవి, తెల్లారుజామున బాబాయి ఫోన్‌లో యాప్ పడిపోయేది. అక్కడ తప్పు టెస్టుది కాదు, కోడ్‌ది. పూల్ తీసేసి మామూలు ఫర్ లూప్ రాశాను.

(తెర మీద: "2 పాస్డ్, 4 స్కిప్డ్", కింద ప్రతి స్కిప్‌కీ కారణం.)

ఫైళ్లు ఇప్పుడు ఒకదాని తర్వాత ఒకటి చదువుతోంది. బాబాయి ఆ తేడా గమనించనే లేదు. "ఒరేయ్, ఆ అంకెలు కాస్త పెద్దవి చెయ్యరా, కళ్లజోడు లేకపోతే ఆనట్లేదు" అన్నాడంతే.