కరెంటు ఎక్కడ పెట్టారమ్మా?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఎండలో బాగ్‌లింగంపల్లి దాకా వచ్చారు, సంతోషం.

మన దగ్గర క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చారని ఎవరూ అనరు, "కరెంటు పెట్టారండీ" అంటారు. ఎక్కడ పెట్టారమ్మా అంటే "లక్డీకాపూల్ ఆస్పత్రిలో" అని జవాబు. నేనడిగేది ఒంట్లో ఎక్కడ అని! నవ్వుతున్నారు గానీ, ఇవాళ్టి నా మాటంతా ఆ ప్రశ్న మీదే.

హాడ్జ్‌కిన్ లింఫోమా అని లింఫు గ్రంథుల క్యాన్సర్ ఒకటుంది. పదహారు, ఇరవై ఏళ్ల పిల్లలకు మెడలో బిళ్ళలు కడతాయి, చాలామందికి నయమైపోతుంది. ఒకప్పుడు దానికి మెడ, చంకలు, ఛాతీ మధ్య భాగం అంతా కలిపి 35, 40 గ్రేల దాకా రేడియేషన్ ఇచ్చేవారు. గ్రే అంటే రేడియేషన్ డోసుకు కొలత. పిల్లలు బతికారు. కానీ పదేళ్లకో, పదిహేనేళ్లకో వాళ్లలో కొందరికి రొమ్ములో గడ్డ కనిపించింది. ఎదిగే వయసులో రొమ్ము కణాలకు రేడియేషన్ దెబ్బ ఎక్కువ తగులుతుంది. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య పడితే ఆ ప్రభావం బలంగా ఉంటుంది, నలభై దాటాక పడితే బాగా తక్కువ. చిన్నప్పుడు ఛాతీ మీద రేడియేషన్ పడిన ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక అమెరికా అధ్యయనం 2014లో వచ్చింది. యాభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో దాదాపు 30 శాతం మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. అక్కడి మామూలు ఆడవాళ్లలో అది 4 శాతం.

టెన్షన్ పడకండి. ఆ రోజు ఆ వైద్యం చేయకపోతే ఈ లెక్క వేసుకోవడానికి మనిషే ఉండేది కాదు. ఇప్పుడు జబ్బున్న చోటికే, తక్కువ డోసు ఇస్తున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పొత్తికడుపు మీద కరెంటు పెట్టించుకున్నవాళ్లకు ఈ భయం లేదు. దగ్గొచ్చి తీయించుకున్న ఎక్స్‌రే కూడా ఈ లెక్కలోకి రాదు.

మరి ఏం చేయాలి? చిన్న వయసులో ఛాతీ మీద 10 గ్రేలు, అంతకు మించి పడితే ఏటా మామోగ్రాం, అంటే రొమ్ము ఎక్స్‌రే, దానితో పాటు ఎంఆర్ఐ స్కాన్. పాతికేళ్ల వయసు గానీ, రేడియేషన్ అయ్యాక ఎనిమిదేళ్లు గానీ, ఏది ఆలస్యమైతే అప్పటి నుంచి. పదహారేళ్లకు పెట్టించుకుంటే పాతిక నుంచి, ఇరవై రెండుకైతే ముప్పై నుంచి. రెండూ ఎందుకంటే, పడుచు వయసులో రొమ్ము దట్టంగా ఉండి మామోగ్రాంలో తెల్లగా కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే ఉంటుంది, అందుకే ఎంఆర్ఐ కూడా. ఎంఆర్ఐ ఖరీదే, నాకూ తెలుసు. అది వీలు కాలేదని మామోగ్రాం కూడా మానేయకండి.

అసలు చిక్కు ఇంట్లోనే. పిల్లకు నయమవగానే అమ్మ ఫైలును అటకెక్కిస్తుంది. సంబంధాలు చూసేటప్పుడు ఎవరి కంటా పడకూడదని! ఇల్లు మారేటప్పుడు అది కాస్తా పాత పేపర్లతో పోతుంది. ఒకమ్మాయి, భర్త బిల్లు కట్టడానికి వెళ్లాక గానీ, నాకు తన పాత జబ్బు సంగతి చెప్పలేదు. ఆమెను తప్పు పట్టలేను, తప్పు పట్టాల్సింది ఆ భయం పెట్టిన వాళ్లను. కానీ ఆ సంగతి తెలియకపోతే డాక్టరుకు కూడా "ఈ వయసులో నీకు మామోగ్రాం ఎందుకమ్మా" అనే అనిపిస్తుంది.

రేపు రొమ్ములో ఏదైనా తేలినా ఆ ఫైలే కావాలి. ఒకసారి రేడియేషన్ పడిన చోట మళ్లీ పెట్టాలంటే ఆలోచించాలి. గుండెను ఇబ్బంది పెట్టే ఎర్ర కీమో ఇంజెక్షన్ ఒకటుంది, డాక్సోరూబిసిన్ అని, దానికి జన్మకింత అని లెక్క ఉంటుంది, అప్పట్లో ఎంత వాడారో చూడాలి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ఈ చిక్కులు తక్కువ.

ఫైలు ఉన్నవాళ్లు ఏ భాగానికి, ఎన్ని గ్రేలు, ఏ సంవత్సరం అని రాసి ఉన్న కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లేనివాళ్లు అప్పటి ఆస్పత్రి రికార్డు సెక్షన్‌లో అడగండి, అప్పటి ఇంటిపేరుతో. పెళ్లయ్యాక మారిన పేరుతో అడిగితే దొరకదు. ఇక ప్రశ్నలు అడగండి. పేర్లు చెప్పక్కర్లేదు, చీటీ రాసి పంపినా చాలు.