హాజరు పుస్తకంలో ప్లస్ ఆరు

(గిడుగు రామమూర్తి జయంతి సభలో, శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరసలోని కవిమిత్రులకు, ఫ్యాను కింద చోటు దొరక్క గోడవారన నిలబడ్డవాళ్లకు, క్లాసు మానిపించి తీసుకొచ్చిన పిల్లలకు, వాళ్లని తీసుకొచ్చిన మాస్టార్లకు నమస్కారం. నన్ను పరిచయం చేసినాయన చెప్పినవాటిలో సగం నాకే తెలియవు. ఆగస్టు ఉక్కలో శాలువా వద్దని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. అయినా కప్పారు. తీసి పక్కన పెట్టాను, ఏమనుకోకండి.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద 'భాష – మానవ వికాసం' అని వేశారు. అంత పెద్ద సంగతి నేను మోయలేను. అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటాను: పేరు. మనిషిని మనిషి పిలుచుకునే పేరు. అది కాగితం మీదికి ఎలా ఎక్కుతోంది, ఎవరు రాస్తున్నారు, రాయకపోతే ఏమవుతోంది. రిటైరయ్యాక మా వీధి అరుగు మీద కూర్చుని పింఛను దరఖాస్తులు రాసిపెడుతున్నాను. అప్పట్నుంచి ఈ బాధ ఎక్కువైంది. ఎవరో ఒకరి దగ్గర చెప్పుకోవాలి కదా, ఇవాళ మీరు దొరికారు.

ముందు గిడుగు వారి మాట. మన పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆయన పేరెత్తగానే వాడుక భాష అంటాం, దండ వేస్తాం, ఇంటికి పోతాం. ఆయన చేసిన పనిలో సగం మరిచిపోయాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగా ఆయన కొండల్లోని సవర గిరిజనుల మాట విన్నారు. ఆ భాషకి అప్పటికి లిపి లేదు, వాచకం లేదు. కింద ఊళ్లవాళ్లకి అదొక అర్థంకాని గోల, అంతే. ఈయన సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని వింటూ నేర్చుకున్నారు. కొండల్లో తిరిగితే మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల చెముడొచ్చి, బతికున్నన్నాళ్లూ ఉండిపోయింది. అయినా ఆపలేదు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అప్పటికాయనకి 75 ఏళ్లు. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే, ఉండనని రాజమండ్రి వెళ్లిపోయారు. అదే 1936లో మంగేయి గొమాంగో అనే సవర ఆయన సవర భాషకి సొంత లిపి తయారుచేశారు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయని పిల్లలకి చెప్పండి మాస్టారూ, పరీక్షలో రాకపోయినా చెప్పండి.

ఇంతకీ పేర్ల దగ్గరికి రావాలి. దారిలో ఏనుగులున్నాయి, వాటిని కూడా చూసి వెళ్దాం.

ఒడిశా నుంచి పార్వతీపురం మన్యం వైపు దిగిన ఏనుగుల గుంపు మీకు తెలిసిందే. చెరకు తొక్కేసింది, అరటి విరిచేసింది, మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. కొమరాడ రైతునో, కురుపాం రైతునో అడిగితే వాటి గురించి మంచిమాట రాదు, ఎందుకొస్తుంది? అయితే కెన్యాలో ఆఫ్రికా ఏనుగుల అరుపుల్ని రికార్డు చేసి, కంప్యూటర్‌తో జల్లించి, 2024లో ఒక సంగతి ప్రకటించారు. ఒక ఏనుగు ఇంకో ఏనుగుని దానికే ప్రత్యేకమైన అరుపుతో పిలుస్తోందట. ఆ రికార్డు మళ్లీ వినిపిస్తే, తనని పిలిచినదైతే బేగి స్పీకరు దగ్గరకొచ్చిందట. వేరేదాన్ని పిలిచినదైతే అంతగా పట్టించుకోలేదట. డాల్ఫిన్లకి కూడా దేని ఈల దానికుందని అంతకుముందే తేల్చారు. కాబట్టి పేర్లుండడం మనిషి ఒక్కడి గొప్పే అని ఇకమీద సభల్లో చెప్పకండి.

మరి మనిషి చేసేదేమిటి? పోయినవాళ్ల పేరుని పోనివ్వడు. సవరల్లో పాత ఆచారం ఒకటుంది. చనిపోయిన పెద్ద, పూనకం వచ్చిన పూజారి నోట మాట్లాడి, ఇంట్లో పుట్టిన బిడ్డకి తన పేరు ఇస్తాడు. తాత పేరు మనవడికి పెట్టుకునే మన ఇళ్లలో మాత్రం జరిగేది ఏమిటి? కోడలు మావగారి పేరు నోటితో అనకూడదు గనక పిల్లాణ్ణి 'పెద్దాయనా' అని పిలుస్తుంది, మూడేళ్ల వెధవ పలుకుతాడు.

మన రెండు జిల్లాల ఓటరు జాబితా ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? చదవండి. సింహాద్రి అప్పన్న పేరున అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ. సింహాచలం అని మగవాళ్లకీ ఉంది, ఆడవాళ్లకీ ఉంది. అరసవల్లి దేవుడి పేరున సూర్యనారాయణ, శ్రీకూర్మం పేరున కూర్మారావు, వంశధార ఒడ్డున ముఖలింగం. విజయనగరం వైపు పైడితల్లి, పైడిరాజు. చేతిలో జాబితా ఉంటే ఏ గుడి ఎటువైపుందో చెప్పేయొచ్చు. ఇప్పుడు కాలేజీకి వెళ్లిన అప్పలనాయుడు 'ఏ. నాయుడు' అవుతున్నాడు. ఆ 'ఏ' ఏమిట్రా అంటే నవ్వి ఊరుకుంటాడు.

నా పేరే తీసుకోండి. నాకన్నా ముందు పుట్టినవాళ్లు దక్కలేదు. నేను పుట్టగానే మా నానమ్మ నన్ను చేటలో వేసి పక్కింటామె చేతికిచ్చేసింది. మా అమ్మ ఆమెకి చేటెడు తవుడిచ్చి మళ్లీ కొనుక్కుంది. కొనుక్కొచ్చిన సరుకు కదా, మృత్యువు లెక్కలోకి రాదని. నాకు తవుడు అని పేరు. ఈ హాల్లో ఎందరు తవుళ్లు, తవిటినాయుళ్లు, తవిటమ్మలు, పెంటయ్యలు ఉన్నారో చేతులెత్తమనను, మొహమాటపడతారు. హైస్కూల్లో చేర్చేటప్పుడు అక్కడి మాస్టారు, "తవుడేట్రా, ఛీ" అని, మమ్మల్ని అడక్కుండానే త్రివిక్రమరావు అని రాసేశారు. మొదటి ఉద్యోగం ఉత్తరం వస్తే మా అమ్మ పోస్టుమేన్‌తో, "ఆ పేరు మనిసి మా ఇంట్లో లేడు బాబూ" అని పంపేసింది. నవ్వండి, నేనూ నవ్వుతాను. మూడో వీధిలో ఎవరో ఆపి ఉత్తరం తెచ్చారు గనక నవ్వగలుగుతున్నాను.

చీటీ వచ్చింది. పది నిమిషాల్లో ముగించమని. అసలు సంగతి ఇంకా మొదలుపెట్టలేదు, ఓపిక పట్టండి.

మా ఊరి కుర్రాడొకడు హైదరాబాదులో అపార్టుమెంటు పనికి వెళ్లి సెంట్రింగ్ మీంచి జారిపడి పోయాడు. వాడి పేరు ఇక్కడ చెప్పొచ్చా అని వాళ్ల అమ్మని అడిగాను. "మైకులో వద్దు బాబూ" అంది. చెప్పను. వాడి మేనమామతో నేనూ వెళ్లాను. సైటు ఆఫీసులో హాజరు పుస్తకం చూపించమన్నాం. చాలాసేపటికి తీశారు. పొడుగాటి పుస్తకం, సిమెంటు వేళ్ల మరకలు. తేదీ, దాని పక్కన మేస్త్రీ పేరు, ఆ పక్కన ఎర్ర ఇంకుతో ప్లస్ ఆరు. తర్వాతి రోజు ప్లస్ ఆరు. ఇంకో రోజు ప్లస్ అయిదు, ఎవడికో జ్వరం వచ్చుంటుంది. వాడు పోయిన రోజున కూడా ప్లస్ ఆరే. "ఈ ఆరుగురిలో మావాడు ఎవడండీ?" అన్నాను. "శ్రీకాకుళం బ్యాచ్ సార్" అన్నాడు ఆ పిల్ల గుమస్తా. అతని తప్పేం లేదు, అతనికి నేర్పినట్టు రాశాడు.

ఆసుపత్రికి వెళ్తే ఇంకో గొడవ. తోటివాళ్లు వాణ్ణి ముద్దుపేరుతోనే ఎరుగుదురు. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక పేరు. మేనమామ ఇంటిపేరు వేరు గనక, "మీరు ఏమవుతారు?" అని ప్రశ్న. మొన్నటిదాకా మా వీధిలో క్రికెట్ ఆడినవాడు పేరు తేలేదాకా ఐసులో ఉన్నాడు. నష్టపరిహారం అడిగితే, "మా రికార్డులో ఆ పేరు లేదు" అన్నారు. నిజమే. లేదు. ప్లస్ ఆరులో ఎవడి పేరూ లేదు. ఆరుగురూ పొద్దున్న లేచి, పళ్లు తోముకుని, సద్దికూడు తిని, మెట్లెక్కినవాళ్లే.

దీనికి చట్టం లేకపోయిందనుకోకండి. అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం 1979 లోనే వచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ దాని చోటులోకి వచ్చేదాకా, ఒక్కో కూలీకి ఫోటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉండేది. 2014 జూన్ తర్వాత హైదరాబాదు మనకి వేరే రాష్ట్రం కూడాను. చెన్నై, హైదరాబాదు పనులకి వెళ్లొచ్చినవాళ్లని మా ఊళ్లో అడిగాను, ఆ పాస్‌బుక్కు చూశారా అని. "బ్యాంకుదా మాస్టారూ?" అన్నారు.

ఇలాంటిది పెద్ద ఎత్తున ఒకసారి జరిగింది. 1951–52, మొదటి సార్వత్రిక ఎన్నికలు. జాబితా రాయడానికి వెళ్తే చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి పెళ్లాన్ని, ఫలానావాడి తల్లిని అన్నారు. అలాగే రాసుకొచ్చారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కుదరదన్నారు, ఎవరి పేరు వాళ్లే చెప్పాలన్నారు. చివరికి సుమారు 28 లక్షల మందిని జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఇప్పటి మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపువాళ్లు. ఓటు పోవడం అన్యాయమే, కాదనను. కానీ ఆయన మొండితనం నాకు నచ్చుతుంది. ఆ సైటులో అలాంటి మొండివాడు ఒక్కడున్నా బాగుండేది.

ఒకాయన ఇందాక నా చెవిలో, పాత పేర్లన్నీ మంచివేనా అన్నారు. కావు. మా చిన్నప్పుడు పేటల్లో ఉన్నవాళ్ల పేర్ల చివర 'గాడు' తగిలించి కాగితాల్లో ఎక్కించేవారు. వాళ్ల పిల్లలు ఆ పేర్లు తీసి అవతల పారేశారు, చాలా మంచిపని చేశారు. ఎవడి పేరు వాడు మార్చుకుంటే నాకు పేచీ లేదు, నాన్నకి నచ్చకపోయినా సరే. అడక్కుండా పైవాడు మార్చేస్తేనే, అసలు రాయకుండా వదిలేస్తేనే నా పేచీ.

పసిపిల్లలున్న తల్లులకి ఒక మాట. జనన ధ్రువపత్రం పేరు లేకుండా ఇచ్చినా, తర్వాత చేర్పించుకోవచ్చు. ఏడాదిలోపు రుసుము లేదు, ఆ తర్వాత పదిహేనేళ్లదాకా కొంచెం రుసుము కట్టాలి. పేరు ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే చెప్పండి. గుమస్తా మొహం చిట్లిస్తే చిట్లించుకోనివ్వండి.

ఇప్పుడు అందరూ ఉప్మా వైపు చూస్తున్నారు, తెలుస్తోంది. ఆ ఉప్మాకి వెళ్లే దారిలోనే బల్ల వేయించి ఒక లెక్కల పుస్తకం పెట్టించాను. మీ ఇంట్లోంచి, మీ వీధిలోంచి బయట పనికి వెళ్లినవాళ్ల వివరాలు అందులో రాయండి. ఇంట్లో పిలిచే పేరు, ఆధార్ పేరు, బడి పేరు, మేస్త్రీ ఫోన్ నంబరు, పని చేసే చోటు. మూడు పేర్లూ కలవకపోతే ఆదివారం మా అరుగు దగ్గరకు రండి, సవరణ దరఖాస్తు నేను రాసిపెడతాను, డబ్బులక్కర్లేదు. ముందు వలస వెళ్లిన ఇళ్లవాళ్లని రానివ్వండి, మనం ఉప్మా తర్వాత తిందాం. పెన్ను సెక్రటరీగారిది, దారం కట్టి ఉంది, గట్టిగా లాగకండి.