హాల్లో నెమలికంఠం గోడ: రాత్రి లైటు కింద చూశాకే డబ్బా కొనండి

[బీరువాలోంచి తీసిన పట్టుచీరను తెల్ల గోడకు ఆనించి పట్టుకున్న చేతులు]

ఈ చీర రంగేమిటని మా అమ్మనడిగితే నెమలికంఠం అంటుంది. చీరల కొట్టులో రామా గ్రీన్ అంటారు. పెయింట్ షాపులో అడగాల్సిన పేరు టీల్. అసలు టీల్ అంటే ఒక చిన్న బాతు. మగ బాతుకు కంటి చుట్టూ మొదలై మెడ వెనక దాకా ఈ రంగు పట్టీ ఉంటుంది. చలికాలంలో మన దేశానికీ వలస వస్తుంది.

చీరగా అందరికీ ముద్దొచ్చే రంగే, గోడకనేసరికి "అమ్మో, హాలు చీకటైపోదూ?" అంటారు. ఆ భయంలో కొంత నిజముంది. తెల్ల గోడ తన మీద పడిన వెలుతురులో ఎనభై శాతం దాకా తిప్పి పంపితే, ముదురు టీల్ పంపేది పది శాతం అటూ ఇటూగా. కాబట్టి నాలుగు గోడలూ వద్దు, ఒక్కటి చాలు. కిటికీ ఉన్న గోడ మాత్రం కాదు, పగలు అది నల్లగా కనిపిస్తుంది. దాని ఎదుటి గోడ తీసుకోండి.

[ఒకే అట్టముక్క: పగటి వెలుతురులో, తర్వాత ట్యూబ్‌లైట్ కింద]

నేను షేడ్ కార్డులో గోరంత ముక్క చూసి సరేననేశాను. పగలు బ్రహ్మాండం. రాత్రి లైటు వేసేసరికి హాలంతా స్విమ్మింగ్ పూల్! టీల్ నీలానికీ ఆకుపచ్చకీ మధ్య ఊగే రంగు కదా. లైటు వెలుగు ఎంత తెలుపో, ఎంత పసుపో చెప్పే కొలత కెల్విన్. 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ టీల్‌ను నీలం వైపు లాగుతుంది. 2700, 3000 కెల్విన్ పసుపు లైట్లయితే ఆకుపచ్చ వైపు. ఈ అంకె బల్బు పెట్టె మీదే ఉంటుంది. నేను గోడ జోలికి పోలేదు, బల్బులు మార్చాను.

మీరు ముందే శాంపిల్ డబ్బా తెచ్చి, రెండడుగుల అట్టకు రెండు కోట్లు వేసి, రెండు రోజులు గోడ పొడవునా జరుపుతూ చూడండి.

[షాపులో రంగు కలిపే మెషిన్, డబ్బాలో పడుతున్న నీలం, ఆకుపచ్చ చుక్కలు]

ఇప్పుడు పెయింటర్‌తో వచ్చే పేచీ. పెయింటులో గోడను కప్పేది ఎక్కువగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి. ముదురు రంగులు కలిపే బేస్‌లో, అంటే రంగు చుక్కలు పడకముందు డబ్బాలో ఉండే పెయింటులో, అది చాలా తక్కువ ఉంటుంది, ఎక్కువైతే రంగు పాలిపోతుంది. అందుకే రెండు కోట్లయ్యాక కూడా కింద తెలుపు తొంగిచూస్తుంది. "రెండు చాలండీ" అన్నా మూడో కోటుకు డబ్బు పక్కన పెట్టుకోండి. ప్రైమర్‌లోనే కాస్త బూడిద రంగు కలిపిస్తే పని తేలికవుతుంది. కావలసిందంతా ఒకేసారి కొని, ఒకే బకెట్లో కలిపించండి. మళ్లీ తెచ్చిన డబ్బా రంగు పిసరంత తేడా వచ్చినా అతుకు కనిపిస్తుంది.

మెరిసే ఫినిష్ వద్దు, పుట్టీలో ఎత్తుపల్లాలన్నీ బయటపడతాయి. మ్యాట్ మేలు. గోడలో చెమ్మ ఉంటే మాత్రం ముందు దాని సంగతి చూడండి, ముదురు రంగు మీద ఉప్పు పూత ఇట్టే తెలిసిపోతుంది.

[టీల్ గోడ ముందు టేకు బల్ల, దాని మీద ఇత్తడి బిందె]

ఇక అలంకరణకు కొత్తగా కొనేదేమీ లేదు. టీల్‌కు ఎదురు రంగు, అంటే పక్కన పెడితే దాన్ని ఎత్తి చూపే రంగు, నారింజ. టేకు, ఇత్తడి, రాగి, అన్నీ ఆ కుటుంబమే. అటక మీద ఉన్న అమ్మమ్మ బిందెను చింతపండుతో తోమి పెట్టి, అందులో నాలుగు బంతిపూల కొమ్మలు గుచ్చండి.