ఓజీజీఎంల ఒక్కో గ్లేసియర్ ఫైళ్ళు ఎట్ల ఉంటయి? గ్లేసియర్ డైరెక్టరీ రివ్యూ

నమస్తే అందరికి, నల్గొండ నుంచి మళ్ళొచ్చిన. మన కృష్ణమ్మకి మంచు నీళ్ళు రావు, వానలే దిక్కు, కానీ మన దిక్కు పిల్లలు ఎవరన్నా హిమాలయాల మీద ప్రాజెక్టు తీసుకున్నరనుకో, ముందుగాల ఈ ఫైళ్ళ కాడనే ఆగిపోతరు, అందుకే ఈ వీడియో.

ఓజీజీఎం అంటే ఓపెన్ గ్లోబల్ గ్లేసియర్ మోడల్, గ్లేసియర్లు అంటే మంచునదులు ఎట్ల పెరుగుతయి, ఎట్ల కరుగుతయి అని లెక్కగట్టే ప్రోగ్రామ్, పైథాన్‌ల ఉంటది, ఫ్రీ, దీని పేపర్ 2019ల వచ్చింది. ఆర్‌జీఐ అని ప్రపంచంల గ్లేసియర్ల లిస్టు ఒకటుంది, రెండు లక్షల పైన గ్లేసియర్లు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. మన ఊర్ల సర్వే నంబర్ చెప్తే పహాణీ తీసినట్టే, ఇక్కడ ఆ నంబర్ చెప్తే ఆ గ్లేసియర్ ఫోల్డరే తెరుచుకుంటది, దీన్నే గ్లేసియర్ డైరెక్టరీ అంటరు. ఆస్ట్రియాల హింటరైస్‌ఫెర్నర్ ఉంది కదా, అది ఆర్‌జీఐ60-11.00897, 11 అంటే సెంట్రల్ యూరప్, మన హిమాచల్ ఛోటా షిగ్రీది 14తోటి మొదలైతది.

ఆ ఫోల్డర్‌ల ఏముంటయంటే, ఎత్తుల మ్యాప్ డెమ్ ఫైలు, హద్దులు, పాత వాతావరణం డేటా, ఫ్లోలైన్లు అంటే మంచు కిందికి జారే దారి గీతలు, ఏ టాస్క్ అంటే ఏ లెక్క పని అయింది ఏది ఫెయిలయింది అనే లాగ్. నాకు మస్తు నచ్చింది ఏందంటే, పాత్ మొత్తం మనం టైప్ చేసే పనే లేదు, గెట్ ఫైల్‌పాత్ అని పిలిచి పేరు ఇస్తే అదే తెచ్చిస్తది, ఒక్క గ్లేసియర్‌కి రాసిన కోడే వెయ్యి గ్లేసియర్లకి నడుస్తది, ఒకదాన్ల ఎర్రర్ వచ్చినా కంటిన్యూ ఆన్ ఎర్రర్ పెట్టుకుంటే మిగిలినయి ఆగవు.

ఇగ జర జాగ్రత్తగ వినండి. రన్ చేసినప్పుడు అవుట్‌పుట్ ఫైల్‌సఫిక్స్, అంటే ఫైలు పేరు చివర తగిలించే గుర్తు, ఇయ్యకపోతే రెండో రన్ మొదటిదాని మీదనే రాసేస్తది, ఒక సినారియోకి, అంటే రేపటి వాతావరణం ఇట్ల ఉంటే అనే ఒక్కో అంచనాకి, ఒక సఫిక్స్ కంపల్సరీ పెట్టుకోండి. ఇంకోటి, ప్రీ-ప్రాసెస్డ్ డేటా, అంటే వాళ్ళే కొంత పని చేసిపెట్టిన డేటా, లెవెల్స్‌ల దొరుకుతది, ఎంత పని అయిందో దాన్ని బట్టి లెవెల్, మొదటిసారి ఫ్రమ్ ప్రిప్రో లెవెల్ అని ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోవాలె, కానీ తెల్లారి మళ్ళా అదే లైన్ నడిపితే మీరు చేసిందంతా పోయి మొదటికొస్తది, అప్పుడు ఒట్టి నంబర్లే ఇచ్చి తెరవాలె. ట్యుటోరియల్స్‌ల వర్కింగ్ డైరెక్టరీ టెంప్ ఫోల్డర్‌ల పెడ్తరు, అసలు పనికి అట్ల వద్దు, మీ సొంత ఫోల్డర్ పెట్టుకోండి.

విండోస్‌ల డైరెక్ట్‌గా కాకుండ డబ్ల్యూఎస్‌ఎల్, అంటే విండోస్ లోపలనే లైనక్స్ నడిపేది, ఎక్కించుకుని వాడండి. వేల గ్లేసియర్లు చేస్తే చిన్న చిన్న ఫైళ్ళు లెక్కలేనన్ని తయారైతయి, కాపీ చెయ్యాలంటే చాలా సేపు పడ్తది, కాబట్టి వేరే కంప్యూటర్‌కి పంపేముందు జీడిర్ టు టార్‌తోటి ఒక్కో ఫోల్డర్‌ని ఒక్క టార్ ఫైలు మూటగ కట్టేయండి, అవతల ఫ్రమ్ టార్ ట్రూ అని పెడితే అట్లనే తెరుచుకుంటయి.