గంటసేపు అరిగిపోయే స్వరం: ‘ది డిసింటిగ్రేషన్ లూప్స్’ రివ్యూ

నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. వెనుక బస్సుల హారన్లు వినిపిస్తే సర్దుకోండి, అలిపిరి వెళ్ళే దారి పక్కనే మా ఇల్లు.

ఈరోజు ఆల్బమ్ అమెరికన్ సంగీతకారుడు విలియం బాసిన్‌స్కీ చేసిన ‘ది డిసింటిగ్రేషన్ లూప్స్’ మొదటి భాగం. 2002లో వచ్చింది. పాడేవారు లేరు, సాహిత్యం లేదు. ఎలా పుట్టిందో తెలియకుండా మొదలుపెడితే ఐదు నిమిషాలకే ఆపేస్తారు. 1980లలో ఆయన రేడియో సంగీతంలోని చిన్న ముక్కలను టేపుకెక్కించి, కొసలు అతికించి, ఆగకుండా తిరిగే లూపులు చేసుకున్నారు. 2001లో వాటిని డిజిటల్‌లోకి మారుద్దామని తిప్పితే, పాతబడిన టేపు మీది అయస్కాంతపు పూత పొడిగా రాలడం మొదలైంది. ఆయన ఆపలేదు. రాలుతున్నంతసేపూ రికార్డు చేశారు.

మొదటి ట్రాక్ గంట దాటుతుంది. బాకాల్లాంటి స్వరం, కొన్ని సెకన్లే, మళ్ళీ మళ్ళీ వస్తుంది. చాలాసేపు ఏమీ మారినట్టు ఉండదు. ఎప్పుడో స్వరం మధ్యలో చిన్న బెజ్జం పడుతుంది. కొంతసేపటికి అదే చోట ఇంకాస్త పెద్దది. తమాషా ఏమిటంటే, పోయిన చోట మన చెవి పాత స్వరాన్ని తానే పూరిస్తుంది.

మా తిరుపతివాళ్ళకు ఇందులో ఇంకో సంగతి తోస్తుంది. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద నిలిచాయి, రాగాల పేర్లతో సహా. ఆయన పాడిన వరుసలు మాత్రం మిగలలేదు. అక్కడ మాట దక్కి వరుస పోయింది. ఇక్కడ వరుస పోవడమే దక్కింది!

రెండో ట్రాక్ నాకు అంతగా నచ్చలేదు. పదకొండు నిమిషాల మసక హోరు. పోగొట్టుకోవడానికి ముందు గుర్తుండే స్వరం ఉండాలి కదా.

2001 సెప్టెంబరు 11న దాడిలో న్యూయార్క్ జంట టవర్లు కూలాక, ఆ సాయంత్రం లేచిన పొగను బాసిన్‌స్కీ తన డాబా మీది నుంచి వీడియో తీశారు. ఆల్బమ్‌ను ఆ దాడి మృతులకే అంకితమిచ్చారు. అందుకే చాలామంది దీన్ని ఆ విషాదపు సంగీతంగానే వింటారు. నా మటుకు నేను మొదటిసారి ఆ కథ పక్కన పెట్టి వినమంటాను, ఎందుకంటే స్వరాలు అంతకు ముందువి.

నిద్ర కోసం పెట్టుకోవద్దు, ఫోను స్పీకరులో అసలే వద్దు. హెడ్‌ఫోన్లు కావాలి. ఓపిక లేదని మధ్యలోకి దూకకండి, మొదటి నిండుదనం వినకపోతే ఏం పోతోందో తెలియదు. మీకు మొదటి బెజ్జం ఏ నిమిషంలో వినిపించిందో కామెంట్లలో రాయండి.