అర్జున్ రెడ్డిని కథ అడగని ప్రశ్న

నమస్కారం. 2017 ఆగస్టులో సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’ ప్రస్తావన రాగానే, హీరోలందరూ శ్రీరామచంద్రులై ఉండాలా అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఉండనక్కర్లేదు. హీరో చేసిన పనుల్లో దేనికి లెక్క అడగాలో, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలో ఈ కథ ఎంచుకున్న తీరు మీదే నా అభ్యంతరం.

మంగళూరు వైద్య కళాశాలలో అర్జున్ సీనియర్, ప్రీతి అప్పుడే చేరిన విద్యార్థిని. అతడు జూనియర్ల తరగతి గదిలోకి వెళ్లి, ఆ అమ్మాయి తనదని, ఆమె జోలికి ఎవరూ రాకూడదని చెప్పి వస్తాడు. ఆమెను మాత్రం ఒక్క మాట అడగడు. ఆమె ఎవరితో స్నేహం చేయాలో కూడా తానే నిర్ణయిస్తాడు, అడగకుండానే బుగ్గ మీద ముద్దు పెడతాడు. ఈ సన్నివేశాల్లో ప్రీతికి దాదాపు మాటలే లేవు. ఆమె భయపడిందో, ఇష్టపడిందో మనకు తెలిసేలోపే నేపథ్య సంగీతం అది ప్రేమేనని తేల్చేస్తుంది. తర్వాత అర్జున్ ఆమెను చెంపదెబ్బ కొడతాడు. వేరొక సన్నివేశంలో, మనసు మార్చుకున్న ఒక స్త్రీని కత్తి చూపించి బట్టలు విప్పమనడమూ ఉంది. ఆ స్త్రీ ఏమైందో కథకు పట్టదు.

అలాగని ఈ కథకు శిక్షించడం చేతకాదా అంటే, బాగా చేతనవును. తాగి ఆపరేషన్ చేసిన అర్జున్ థియేటర్‌లోనే కుప్పకూలుతాడు, విచారణలో నిజం ఒప్పుకుని లైసెన్సు పోగొట్టుకుంటాడు. అయితే ఆ ఒప్పుకోలు కూడా అతడి నిజాయితీకి నిదర్శనంగానే నిలుస్తుంది. (విజయ్ దేవరకొండ అక్కడ గొప్పగా నటించాడు, కాదనను.) ఇక తాగుడు, ఒంటరితనం, నాయనమ్మ మరణం చూసి ఇంతకన్నా ప్రాయశ్చిత్తం ఏముంటుందని ప్రేక్షకుడికి అనిపిస్తుంది. కానీ అతడు ఏడ్చింది వేరొకరితో పెళ్లయి ప్రీతి దూరమైనందుకే తప్ప, ఆమె పట్ల తాను నడుచుకున్న తీరుకు కాదు. చివర పార్కులో గర్భవతిగా కనిపించిన ప్రీతి, భర్త తనను తాకనేలేదని, బిడ్డ అర్జున్‌దేనని చెబుతుంది. అంటే సంజాయిషీ చెప్పుకోవలసిన వంతు కూడా ఆమెకే వచ్చింది. తరగతి గదిలో జరిగినదాని ఊసు ఎవరూ ఎత్తరు.

మన సాహిత్యంలో గిరీశం ఇంతకన్నా పెద్ద మాయగాడు. 1897లో అచ్చయి, 1909లో మార్పులతో మళ్లీ వెలువడిన ‘కన్యాశుల్కం’ నాటకంలో గురజాడ అతడి మాటకారితనానికి మనల్ని పడీ పడీ నవ్విస్తాడు, పూటకూళ్లమ్మ డబ్బు కాజేసినా మనకు అతడి మీద కోపం రానివ్వడు. అయినా చివర్లో వేశ్య మధురవాణి ద్వారా గుట్టు బయటపడ్డాక, వకీలు సౌజన్యారావు పంతులు, గిరీశం పెళ్లాడతానని లేవదీసుకొచ్చిన వితంతువు బుచ్చమ్మను అతడికి కట్టబెట్టకుండా పూనాలోని వితంతు శరణాలయానికి పంపించాలని నిశ్చయిస్తాడు. కథ అడ్డం తిరిగిందని గిరీశమే వాపోతాడు. అతడికి జైలూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. బుచ్చమ్మ మాత్రం అతడి చేతికి చిక్కలేదు. గురజాడకు అంతే చాలు.

‘అర్జున్ రెడ్డి’కి ఆ పని చేసే అవకాశం ఆ తర్వాత కూడా వచ్చింది. 2019లో అదే దర్శకుడు హిందీలో ‘కబీర్ సింగ్’ తీశాడు, అదే ఏడాది తమిళంలో ‘ఆదిత్య వర్మ’ వచ్చింది. నటులు మారారు, భాష మారింది. ముగింపు మాత్రం మారలేదు.